ఫిల్మ్‌తో రేడియేషన్ డోస్ కొలవడం: కత్తెర పట్టిన దగ్గర నుంచి లెక్క తేలేదాకా

ముందుగా ఒక మాట. ఫిల్మ్ డోస్‌ని, అంటే పదార్థం పీల్చుకున్న రేడియేషన్‌ని, కొలవదు, రంగు మారుతుంది, అంతే. ఆ రంగుని స్కానర్ ఒక అంకెగా మారుస్తుంది, ఆ అంకెని, తెలిసిన డోసులతో మీరు గీసుకున్న క్యాలిబ్రేషన్ గీత గ్రేలలోకి (గ్రే అంటే డోస్ కొలమానం) మారుస్తుంది. ఈ మూడింట్లో ఎక్కడ తేడా వచ్చినా చివర్లో వచ్చే రంగురంగుల డోస్ మ్యాప్ మాత్రం చూడ్డానికి చక్కగానే ఉంటుంది, చిక్కంతా అక్కడే. అయాన్ చాంబర్ (లోపలి గాలిలో పుట్టే విద్యుత్తుతో డోస్ కొలిచే పరికరం) తప్పు చదివితే అంకె వింతగా కనిపించి మనకే అనుమానం వస్తుంది. ఫిల్మ్ అలాంటి అనుమానం రానివ్వదు. నేను చేసిన తప్పుల్లో చాలా వరకు బీమ్ ఆగిపోయాక, స్కానర్ దగ్గరే జరిగాయి, అందుకే ఇక్కడ స్కానింగ్ గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను.

ఇంత తలనొప్పి ఉన్నా ఫిల్మ్ ఎందుకు వాడతాం అంటే, ఇది చేసే పని ఇంకేదీ ఇంత బాగా చేయదు కాబట్టి. ఒక సెంటీమీటరు ఫీల్డ్‌లో (బీమ్ పడే వైశాల్యంలో) చాంబర్ పెడితే అది తన లోపలున్న గాలి మొత్తానికి సగటు చెబుతుంది, డోస్ ఒక్క మిల్లీమీటరులో ఎక్కడ ఎంత పడిపోయిందో దానికి తెలియదు. ఫిల్మ్‌కి వైరు లేదు, బ్యాటరీ లేదు, మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు, రెండు ఫాంటమ్ (రోగి శరీరానికి బదులు వాడే దిమ్మ) పలకల మధ్య దూర్చేస్తే ఆ తలం మొత్తం బొమ్మ వచ్చేస్తుంది.

ఏ ఫిల్మ్ తీసుకోవాలి

పాత పద్ధతి వెండి ఫిల్మ్. 1896లో బెకరెల్ యురేనియం లవణాల దగ్గర పెట్టిన ఫొటో పలక నల్లబడటం చూసినప్పటి నుంచి ఆ సూత్రం మారలేదు: సిల్వర్ బ్రోమైడ్ రేణువుల మీద రేడియేషన్ పడుతుంది, డెవలపర్‌లో వేస్తే అవి నల్లటి వెండిగా మారతాయి. దీనితో రెండు ఇబ్బందులు. డార్క్ రూమ్ కావాలి, డెవలపర్ వేడి ఒక డిగ్రీ మారినా నలుపు మారుతుంది. రెండోది, వెండి పరమాణు సంఖ్య 47, అందువల్ల తక్కువ శక్తి ఎక్స్-రేలకి నీటి కంటే, కణజాలం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ స్పందిస్తుంది. ఒకప్పుడు ఒంటికి పెట్టుకునే ఫిల్మ్ బ్యాడ్జిలో రాగి, తగరం, సీసం లాంటి ఫిల్టర్లు పెట్టింది ఇందుకే. ఒక్కో ఫిల్టర్ కింద నలుపు ఎంతుందో పోల్చి, పడిన రేడియేషన్ శక్తి ఏ స్థాయిదో అంచనా వేసి, అప్పుడు డోస్ చెప్పేవాళ్లు. ఇప్పుడు ఆ పని ఎక్కువ చోట్ల టీఎల్‌డీ, ఓఎస్ఎల్ బ్యాడ్జిలకి (వేడి చేస్తే గానీ కాంతి పడితే గానీ వెలిగి డోస్ చెప్పే స్ఫటికాలు) వెళ్లిపోయింది.

ఈ రోజు డోసిమెట్రీలో ఫిల్మ్ అంటే దాదాపుగా రేడియోక్రోమిక్ ఫిల్మే. డెవలప్ చేసే పని లేదు, రేడియేషన్ పడగానే దానంతట అదే రంగు మారుతుంది. చికిత్సలో చాలా ఏళ్లుగా వాడిన గాఫ్‌క్రోమిక్ ఈబీటీ3లో రెండు పాలియెస్టర్ పొరల మధ్య సుమారు 28 మైక్రాన్ల చురుకైన పొర ఉంటుంది. పాలియెస్టర్ ఒక్కోటీ 125 మైక్రాన్లు. మధ్య పొరలో డైఎసిటిలీన్ జాతికి చెందిన సన్నటి స్ఫటికాలు ఉంటాయి. రేడియేషన్ తగిలితే ఆ అణువులు గొలుసులా ఒకదానికొకటి అతుక్కుని నీలం రంగు పాలిమర్ అవుతాయి. ఆ నీలం ఎర్రటి కాంతిని, ముఖ్యంగా 635 నానోమీటర్ల దగ్గర, బాగా పీల్చుకుంటుంది. స్కాన్‌లో రెడ్ చానల్‌ని ముందు చూడమనేది అందుకే.

ఎంపికలో చూడాల్సింది డోస్ పరిధి. మామూలు రేడియోథెరపీ ప్లాన్లకి ఈబీటీ3 సరిపోతుంది, 10 గ్రేల లోపు హాయిగా పనిచేస్తుంది. ఒకే విడతలో పదీ ఇరవై గ్రేలు ఇచ్చే స్టీరియోటాక్టిక్ (చిన్న లక్ష్యానికి గురిపెట్టి ఇచ్చే) పనికి ఈబీటీ-ఎక్స్‌డీ మేలు. కాథ్ ల్యాబ్‌లో (ఎక్స్-రే చూస్తూ గుండె చికిత్సలు చేసే గది) రోగి చర్మం మీద ఎంత పడిందో చూడాలంటే ఎక్స్ఆర్-ఆర్‌వీ3 అని వేరే రకం ఉంది, దాని వెనక పక్క తెల్లగా కాంతి దూరకుండా ఉంటుంది కాబట్టి రిఫ్లెక్షన్ మోడ్‌లో, అంటే తిరిగొచ్చే కాంతితో, స్కాన్ చేయాలి. సుమారు 2 గ్రేల దగ్గర చర్మం ఎర్రబడటం మొదలవుతుంది కాబట్టి అక్కడ ఆ ఫిల్మ్ ఉపయోగం పెద్దదే. స్టెరిలైజేషన్ లాంటి పరిశ్రమల పనికి ఇవేవీ పనికిరావు, అక్కడ డోస్ కిలోగ్రేలలో ఉంటుంది, ఆ సంగతి తర్వాత. ఇక ఒక కార్మికుడికి నెలలో ఎంత పడిందో రేడియోక్రోమిక్ ఫిల్మ్‌తో చూద్దామనుకునేవాళ్లు కొందరుంటారు. మిల్లీసీవర్టుల (కార్మికుల డోస్‌కి వాడే చిన్న కొలమానం) స్థాయిలో దీనికి చలనమే ఉండదు, ఆ ఆలోచన మానుకోండి.

కోయడం, పట్టుకోవడం

పెట్టె మీదున్న లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన ఫిల్మ్‌ల గుర్తు) రాసి పెట్టుకోండి. ఒక లాట్ క్యాలిబ్రేషన్ ఇంకో లాట్‌కి పనికిరాదు, ఇందులో బేరం లేదు. ఫిల్మ్‌ని గ్లోవ్స్ వేసుకుని అంచులు పట్టుకునే తీయండి, వేలిముద్ర కూడా స్కాన్‌లో డోస్‌లాగే కనిపిస్తుంది. గది దీపాల వెలుతురులో కాసేపు పనిచేసుకోవచ్చు కానీ ఎండ, అల్ట్రావయొలెట్ తగలకూడదు, పని లేనప్పుడు నల్ల కవర్లో చల్లని చోట ఉండాలి.

షీట్ 20.3 × 25.4 సెంటీమీటర్లు ఉంటుంది. ముక్కలు కోసే ముందే ప్రతి ముక్క మీద ఒకే మూలన సన్నటి మార్కర్‌తో గుర్తు, నంబరు వేయండి. కోశాక వేద్దాంలే అనుకుంటే అయిపోయినట్టే. స్ఫటికాలు పొరలో ఒక దిక్కుగా అమరి ఉంటాయి కాబట్టి ముక్కని స్కానర్ మీద 90 డిగ్రీలు తిప్పి పెడితే అదే డోస్‌కి వేరే అంకె వస్తుంది. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నేను చదరపు ముక్కలు కోసి, గుర్తు లేకుండా ఒక కవర్లో పోసి తీసుకెళ్లాను. తర్వాత స్కాన్ చేస్తే క్యాలిబ్రేషన్ గీత మెట్లమెట్లుగా వచ్చింది, ఏ ముక్క ఎటు తిరిగిందో తెలుసుకునే దారి లేదు, షీటు మొత్తం వృథా. అప్పటి నుంచి చదరం కోయడం మానేశాను. పొడవాటి ముక్క కోస్తే తిప్పి పెట్టే అవకాశమే తక్కువ.

కోసిన చోట పొరలు కొంచెం విడిపోతాయి. మొద్దు కత్తెరతో అది ఇంకా ఎక్కువ. పదునైన కత్తెర గానీ ఫొటో ట్రిమ్మర్ గానీ వాడండి, లెక్కలో అంచు నుంచి కొన్ని మిల్లీమీటర్లు వదిలేయండి. నీటి ఫాంటమ్‌లో ముంచవచ్చు కానీ నీళ్లు అంచుల నుంచి లోపలికి పాకుతాయి, పని అవగానే తీసి తుడవాలి.

క్యాలిబ్రేషన్

మీరు కొలవబోయే గరిష్ఠ డోస్ కంటే కొంచెం పైదాకా డోసులు ఇవ్వండి. అంతరాలు సమానంగా కాకుండా రెట్టింపు వరసలో ఉంటే మేలు: 0, 0.25, 0.5, 1, 2, 4, 8 గ్రేలు. తక్కువ డోస్ దగ్గర రంగు వేగంగా మారుతుంది, పైకి పోయేకొద్దీ గీత వంగిపోతుంది, అందుకని కింద ఎక్కువ బిందువులు కావాలి. సున్నా ముక్కని మరిచిపోవద్దు. అది కూడా మిగతావాటితో పాటే గదికి వెళ్లి, అవే దీపాల కింద ఉండి, తిరిగి రావాలి, బీమ్ మాత్రం తగలకూడదు.

ఘన నీటి (నీటిలాగే స్పందించే ప్లాస్టిక్) పలకల మధ్య, 10 × 10 సెంటీమీటర్ల ఫీల్డ్‌లో, 5 గానీ 10 సెంటీమీటర్ల లోతులో, వెనక కనీసం 5 సెంటీమీటర్లు ఉండేలా పెట్టండి. ఫిల్మ్ బీమ్‌కి అడ్డంగా ఉండాలి. ఉపరితలానికి దూరం 100 సెంటీమీటర్లు, గరిష్ఠ డోస్ లోతులో ఒక మానిటర్ యూనిట్‌కి (మెషిన్ బీమ్‌ని లెక్కపెట్టే యూనిట్) ఒక సెంటీగ్రే వచ్చేలా సెట్ చేసిన 6 ఎంవీ (మెగావోల్ట్) మెషిన్ అనుకుందాం. 10 సెంటీమీటర్ల లోతులో అందులో సుమారు 67 శాతం మిగులుతుంది. అక్కడ 200 సెంటీగ్రేలు కావాలంటే 200 ÷ 0.67, అంటే దాదాపు 300 మానిటర్ యూనిట్లు. ఆ 67 స్థానంలో మీ మెషిన్ అసలు విలువ వాడండి, అదే పూట చాంబర్‌తో ఔట్‌పుట్ కూడా కొలిచి సవరించండి. మెషిన్ ఆ రోజు ఒక శాతం ఎక్కువిస్తుంటే ఆ ఒక శాతం మీ గీతలోకి చేరి లాట్ అయిపోయేదాకా మీతోనే ఉంటుంది.

స్కానింగ్, అసలు పరీక్ష ఇక్కడే

ఎక్స్‌పోజ్ అయ్యాక కూడా రంగు పెరుగుతూనే ఉంటుంది, మొదటి గంటల్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా. అందుకని 24 గంటలు ఆగి స్కాన్ చేయడం అలవాటు. 24 అన్న అంకెలో మహత్యం ఏమీ లేదు, క్యాలిబ్రేషన్ ముక్కలకీ కొలత ఫిల్మ్‌కీ అదే వ్యవధి పాటించడమే ముఖ్యం. అంత ఆగే వీలు లేకపోతే ఒక మార్గం ఉంది. కొలత ఫిల్మ్ ఎక్స్‌పోజ్ చేసిన వెంటనే అదే లాట్ ముక్కకి తెలిసిన డోస్ ఒకటి ఇచ్చి, ఏమీ తగలని ఇంకో ముక్కతో కలిపి మూడింటినీ ఒకే స్కాన్‌లో పెట్టి, తెలిసిన ముక్కల ఆధారంగా గీతని సరిచేసుకోవడం. ఇక్కడ రెండు ఎక్స్‌పోజర్ల మధ్య ఎంత టైమ్ పట్టిందో దానికి కనీసం నాలుగు రెట్లు ఆగాక స్కాన్ చేయాలి. పది నిమిషాల తేడా ఉంటే నలభై నిమిషాలు, అంతే.

స్కానర్ ఏ3 సైజు ఫ్లాట్‌బెడ్, పైన ట్రాన్స్‌మిషన్ (ఫిల్మ్ గుండా కాంతి పంపే) దీపం ఉన్నది. ఎప్సన్ 10000ఎక్స్ఎల్, దాని తర్వాత వచ్చిన 11000, 12000లు ఈ పనిలో ఎక్కువగా కనిపిస్తాయి. ఆన్ చేసి అరగంట వేడెక్కనివ్వండి, ఖాళీగా నాలుగైదు స్కాన్లు తీసి పారేయండి. సెట్టింగ్స్‌లో ట్రాన్స్‌మిషన్, 48 బిట్ కలర్, 72 డీపీఐ, రంగులు దిద్దే ఆప్షన్లన్నీ ఆఫ్. ఈ చివరిది మరిచిపోతే సాఫ్ట్‌వేర్ మీ డోస్‌ని పెళ్లి ఫొటోలా అందంగా దిద్ది ఇస్తుంది. టిఫ్ ఫైల్‌గానే సేవ్ చేయాలి, జేపెగ్ వద్దే వద్దు.

ఫిల్మ్‌ని గాజు మధ్యలో పెట్టండి. స్కానర్ దీపం కదిలే దిక్కుకి అడ్డంగా, అంటే పక్క అంచుల వైపు పోయేకొద్దీ, అదే డోస్ ఎక్కువగా కనిపిస్తుంది. పాలిమర్ కాంతిని పోలరైజ్ చేయడం, చెదరగొట్టడం, లోపలి అద్దాలు దాన్ని వంకరగా పంపడం దీనికి కారణాలు. డోస్ పెరిగేకొద్దీ ఈ తేడా కూడా పెరుగుతుంది కాబట్టి ఒకే గుణకంతో సరిచేయడం కుదరదు. కొలత ఫిల్మ్ చిన్నదైతే మధ్యలో పెట్టి ఈ గొడవ తప్పించుకోవచ్చు. పెద్దదైతే తెలిసిన డోస్ ముక్కలని గాజు మీద పక్కకి జరుపుతూ స్కాన్ చేసి సవరణ పట్టిక తయారుచేసుకోక తప్పదు. నేను అట్ట ముక్కని ఫిల్మ్ సైజులో కత్తిరించి ఫ్రేమ్‌లా గాజు మీద పెట్టుకుంటాను, ప్రతిసారీ ఫిల్మ్ అదే చోట కూర్చుంటుంది. స్కానర్ పైభాగంలో తనని తాను సరిచూసుకునే పట్టీ ఒకటి ఉంటుంది, ఫ్రేమ్ దాన్ని కప్పకూడదు.

ఫిల్మ్ వంగి ఉంటే గాజుకి దూరమై అంకె మారుతుంది. పైన ఒక సన్నటి శుభ్రమైన గాజు పలక పెట్టి అణచండి. క్యాలిబ్రేషన్‌కి పలక పెడితే కొలతకీ పెట్టాలి. ఒక్కో ఫిల్మ్‌ని మూడు నుంచి ఐదుసార్లు స్కాన్ చేసి సగటు తీస్తే గజిబిజి తగ్గుతుంది, కానీ మరీ వరసగా పది తీస్తే దీపం వేడికి ఫిల్మ్ వెచ్చబడి రంగు జరుగుతుంది.

అంకెల నుంచి గ్రేలకి

ఎక్స్‌పోజ్ కాకముందు పిక్సెల్ విలువని తర్వాతి విలువతో భాగించి, పది ఆధారంగా లాగ్ తీస్తే నెట్ ఆప్టికల్ డెన్సిటీ. ముందు 40000, తర్వాత 25000 అనుకోండి, భాగిస్తే 1.6, దాని లాగ్ 0.204. ఇప్పుడు క్యాలిబ్రేషన్ ముక్కల నుంచి వచ్చిన బిందువులకి గీత గీయాలి. డోస్ = ఎ × నెట్ డెన్సిటీ + బి × నెట్ డెన్సిటీ ఘాతం ఎన్, ఈ రూపం చాలామందికి సరిపోతుంది, ఎన్ తరచుగా 2 నుంచి 3 మధ్య ఉంటుంది. పెద్ద ఘాతాల పాలినోమియల్ మాత్రం వాడొద్దు. బిందువుల గుండా బ్రహ్మాండంగా పోతుంది, వాటి మధ్య పాములా మెలికలు తిరుగుతుంది. గీత గీశాక, అందులో వాడని డోస్ ఒకటి, ఉదాహరణకి 1.5 గ్రేలు, వేరే ముక్కకి ఇచ్చి లెక్క సరిగ్గా వస్తుందో లేదో చూడండి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఎవరైనా నాకు ఫిల్మ్ ఫలితం చూపిస్తే నేను నమ్మను.

మూడు చానళ్లూ కలిపి వాడే పద్ధతి ఇంకా మంచిది. చురుకైన పొరలో పసుపు రంగు ఒకటి కలిపి ఉంటుంది, బ్లూ చానల్ డోస్ కంటే ఎక్కువగా ఆ పొర మందాన్ని చెబుతుంది. డోస్ నిజమైతే మూడు చానళ్లూ ఒకే విలువ చెప్పాలి, చెప్పకపోతే ఆ తేడాని మందం మార్పు, స్కానర్ లోపంగా గుర్తించి తీసేయవచ్చు. జాగ్రత్తగా చేస్తే మొత్తం అనిశ్చితి రెండు మూడు శాతానికి తీసుకురావచ్చు. అంతకంటే గొప్పగా చెప్పేవాళ్ల దగ్గర స్కానర్ ఎలా పెట్టారో అడగండి.

చికిత్స ప్లాన్ లెక్కించిన డోస్‌తో పోల్చడానికి గామా పరీక్ష వాడతాం, అది డోస్ తేడాని, దూరం తేడాని కలిపి చూస్తుంది. 2018లో అమెరికా మెడికల్ ఫిజిక్స్ సంఘం ఏఏపీఎం టీజీ-218 నివేదిక 3 శాతం, 2 మిల్లీమీటర్ల ప్రమాణంతో 95 శాతం బిందువులు పాస్ కావాలని సూచించింది. అయితే శాతం ఒక్కటి చూసి ఫైలు మూసేయకండి, ఫెయిలైన బిందువులు ఎక్కడ గుంపుగా ఉన్నాయో చూడండి. చెదురుమదురుగా ఉంటే గజిబిజి, ఒక అంచు వెంట వరసగా ఉంటే ఫిల్మ్ జరిగిందో మల్టీలీఫ్ (బీమ్‌కి ఆకారం ఇచ్చే లోహపు రేకులు) జరిగిందో తేల్చాలి.

కొత్తవాళ్లు నేరుగా ప్లాన్ చెకింగ్‌కి దిగకుండా ముందు స్టార్ షాట్ చేయండి. సన్నటి బీమ్‌ని కొన్ని గాంట్రీ (రోగి చుట్టూ తిరిగే మెషిన్ భాగం) కోణాల నుంచి ఫిల్మ్ అంచు వైపుగా పంపితే నక్షత్రంలా గీతలు వస్తాయి, అవన్నీ కలిసే చోట ఇమిడే చిన్న వృత్తం మెషిన్ ఐసోసెంటర్ (బీమ్‌లన్నీ కలవాల్సిన బిందువు) ఎంత నిలకడగా ఉందో చెబుతుంది. దీనికి క్యాలిబ్రేషన్ అక్కర్లేదు, గ్రేల లెక్క లేదు, చేతికి ఫిల్మ్ అలవాటవుతుంది. బ్రాకీథెరపీలో (రేడియోధార్మిక సోర్స్‌ని శరీరంలోకి పంపే చికిత్స) సోర్స్ ఆగాల్సిన చోటే ఆగుతోందా అని చూసే పరీక్ష కూడా ఇలాంటిదే. ఒక హెచ్చరిక: తక్కువ కిలోవోల్టుల ఎక్స్-రేలకి, ప్రోటాన్ బీమ్ చివర డోస్ ఒక్కసారిగా పెరిగే బ్రాగ్ శిఖరం దగ్గర ఫిల్మ్ ఉన్నదానికంటే తక్కువ చెబుతుంది. మెగావోల్ట్ ఫోటాన్లతో గీసిన గీతని అక్కడికి మోసుకెళ్లొద్దు.

పరిశ్రమల్లో

ఇక్కడ లోకం వేరు. వైద్య పరికరాల స్టెరిలైజేషన్‌లో తరచుగా వినిపించే డోస్ 25 కిలోగ్రేలు, అంటే రేడియోథెరపీలో ఒక రోజు ఇచ్చే 2 గ్రేలకి పన్నెండు వేల రెట్లకు పైనే. ఎఫ్‌డబ్ల్యూటీ-60 అనే నైలాన్ ఫిల్మ్, జీఈఎక్స్ కంపెనీ బీ3 అనే 18 మైక్రాన్ల ఫిల్మ్ ఈ పరిధిలో పనిచేస్తాయి, రెండింట్లోనూ రంగులేని డై రేడియేషన్‌తో రంగు తేలుతుంది, బీ3 గులాబీ రంగుకి వస్తుంది. సెల్యులోజ్ ట్రైఎసిటేట్ ఫిల్మ్‌ది ఇంకో దారి, దాన్ని కంటికి కనిపించని 280 నానోమీటర్ల దగ్గర చదువుతారు.

స్కానర్ బదులు ఇక్కడ స్పెక్ట్రోఫొటోమీటర్ (ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతి పీల్చుకుందో కొలిచే యంత్రం) ఉంటుంది. ఫిల్మ్ మందం ముక్కముక్కకీ మారితే దాన్ని కూడా కొలిచి, శోషణని మందంతో భాగించాలి. ఎక్కువ ఇబ్బంది పెట్టేది తేమ. ఎఫ్‌డబ్ల్యూటీ-60 స్పందన గాలిలో తేమని బట్టి మారుతుంది, అందుకే తెలిసిన తేమలో ఉంచి రేకు కవర్లో సీల్ చేసి వాడతారు, కవరు చిరిగి ఉంటే ఆ ఫిల్మ్ లెక్కలోకి రాదు. బీ3ని ఎక్స్‌పోజ్ అయ్యాక 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొద్ది నిమిషాలు వేడి చేస్తే రంగు అక్కడితో స్థిరపడుతుంది. చల్లారాకే చదవాలి.

క్యాలిబ్రేషన్‌ని వీలైతే మీ ప్లాంట్‌లోనే, మీ వేడిలో, మీ డోస్ రేటుతో చేయండి: జాతీయ ప్రమాణానికి ముడిపడిన ల్యాబ్ నుంచి అలనైన్ (ఒక అమైనో ఆమ్లం) డోసిమీటర్లు తెప్పించి, ఫిల్మ్ పక్కనే పెట్టి, రెండింటికీ ఒకే డోస్ తగిలేలా చూసి, అలనైన్‌ని తిరిగి ఆ ల్యాబ్‌కి పంపితే వాళ్లు ఈపీఆర్ యంత్రంతో (రేడియేషన్ వల్ల పుట్టిన ఫ్రీ రాడికల్స్‌ని లెక్కపెట్టేది) చదివి అసలు డోస్ చెబుతారు. తర్వాత డోస్ మ్యాపింగ్. పెట్టె నిండా, మూలల్లో, మధ్యలో, సరుకు చిక్కగా ఉన్న చోట, ఖాళీ ఉన్న చోట ఫిల్మ్ ముక్కలు పెట్టి కనిష్ఠం ఎక్కడ, గరిష్ఠం ఎక్కడ అని వెతకాలి. కనిష్ఠం దగ్గర స్టెరిలైజేషన్‌కి సరిపడా అందాలి, గరిష్ఠం దగ్గర ప్లాస్టిక్ పెళుసు కాకూడదు. ఎలక్ట్రాన్ బీమ్‌లో ఈ తేడా మరీ తీవ్రం, 10 ఎంఈవీ (మెగా ఎలక్ట్రాన్ వోల్టుల) ఎలక్ట్రాన్లు నీటిలో సుమారు 5 సెంటీమీటర్లకే ఆగిపోతాయి కాబట్టి సరుకు పేర్చిన తీరు మారితే మ్యాపింగ్ మళ్లీ మొదటికే. పెట్టెల మీద అంటించే, పసుపు నుంచి ఎరుపుకి మారే స్టిక్కర్లని డోసిమీటర్ అనుకునేవాళ్లని చూశాను. ఆ స్టిక్కరు పెట్టె బీమ్ కిందకి వెళ్లొచ్చిందని మాత్రమే చెబుతుంది.

రెండు చోట్లకీ పనికొచ్చే అలవాటు ఒకటి. ఉన్న లాట్ అయిపోకముందే కొత్త పెట్టె తెప్పించండి, పాతదాంట్లో ఒకటి రెండు షీట్లు మిగల్చండి, పాతా కొత్తా ఒకే పూట ఒకే డోస్‌కి ఎక్స్‌పోజ్ చేసి ఒకే స్కానర్ మీద చదవండి. కొత్త క్యాలిబ్రేషన్‌తో కొత్త ముక్క, పాత క్యాలిబ్రేషన్‌తో పాత ముక్క ఒకే డోస్ చెప్పాకే కొత్త పెట్టెని పనిలోకి దించండి.